విప్పి కూర్చిన కోతయంత్రము



మా ధర్మపురి పేరు చెప్పగానే మీలో ననేకులకు గోదావరి యొడ్డున నున్న నరసింహస్వామి గుడియు, యమధర్మరాజు గుడియు, శేషప్ప కవి శతకమును జ్ఞప్తికి వచ్చును. 2015 పుష్కరములకు వచ్చి స్నానము చేసి వెళ్లినవారును మీలో కలరు. నేను నేడు వానిలో దేనినిగూర్చియు మాటలాడుట లేదు. ఒక యంత్రమునుగూర్చి చెప్ప వచ్చితిని. అది గొలుసు రంపము. మన పల్లెలలో దానిని చెట్లు కోయు మిషననియు, కోత మిషననియు నందురు.

"ముసలివారికి దీనితో నేమి పని?" యని మీరడుగవచ్చును. రంపమును పట్టువాడు కుఱ్ఱవాడే. కాని దానిని కొనుటకు మూట విప్పువారము మనము. అది చెడినపుడు బాగుచేయింపుమనియో, వద్దనియో, తొందరగా ముగింపుమనియో తీర్పు చెప్పువారమును మనమే. అట్టి తీర్పొకటి నేను తొందరపడి చెప్పితిని. దాని ఫలమును నా మేనల్లుడు తన చేతిమీద ననుభవించెను. కనుక నీ సంగతి నా యీడువారికి చెప్పుట నా విధి యని తలచితిని.

ముందుగా యంత్రపు స్వభావము కొంత తెలిసికొందము.  ఆంద్రియాస్ స్టీల్ అను నాతడు 1926లో విద్యుత్తుతో నడుచుదానిని, 1929లో పెట్రోలుతో నడుచుదానిని తయారుచేసెను. ఆనాటి రంపమును ఇద్దరు మనుష్యులు పట్టవలసి యుండెను. నేటిదానిని ఒక్కడు పట్టి కోయును. దాని యింజను రీతి మాత్రము అంతకంటె పాతది. జోసెఫ్ డే అను నాంగ్లేయుడు 1891లో రూపొందించిన రెండు దెబ్బల యింజను పద్ధతియే నేటికిని ఇందు నడచుచున్నది.

మన బావులమీద నుండిన ఆయిలింజనునకును దీనికిని భేదమేమనగా, ఆయిలింజను అడుగు పెట్టెలో నూనె నిలువ యుండును. ఈ రంపపు యింజనులో అడుగు పెట్టెయే గాలి పంపు. పిస్టన్ పైకి పోవునపుడు పెట్రోలు కలిసిన గాలి ఆ పెట్టెలోనికి వచ్చును. పిస్టన్ క్రిందికి దిగునపుడు అదే గాలి సిలిండరులోనికి తోయబడును. అచ్చట నూనె నిలుపుటకు తావు లేదు గనుక, నూనెను పెట్రోలులోనే కలిపి పోయుదురు. నూనె కలుపుట మఱచినచో, పిస్టన్ ఒట్టి పెట్రోలుతో రాసుకొని, వేడెక్కి, సిలిండరును పట్టుకొనును.

ఇంకొక భేదము కలదు. రంపమును పండబెట్టి కోయవలెను, ఒక్కొక్కప్పుడు తలక్రిందుగను పట్టవలెను. కావున దీని కార్బొరేటరులో పెట్రోలు పైని తేలెడి బెండు ఉండదు. దానికి బదులుగా పలుచని రబ్బరు పొర యొకటి యుండి, గుండెవలె కొట్టుకొనుచు పెట్రోలును తోడును. ఆ పొరకు ఊపు అడుగు పెట్టెనుండియే వచ్చును. ఒక సన్నని రంధ్రము ఆ ఊపును కార్బొరేటరునకు చేరవేయును. ఈ రంధ్రమును జ్ఞాపకముంచుకొనుడు. నా కథలో దీని పని మరల వచ్చును.

నా మేనల్లునికి ఈ యంత్రమే జీవనాధారము. గాలివానకు త్రోవలమీద కూలిన చెట్లను తొలగించుట, జగిత్యాల ప్రాంతపు మామిడితోటలలో ముదిరిన కొమ్మలను కోయుట వాని పని. నిలిచియున్న చెట్టును కొట్టవలసి వచ్చినపుడు, 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి కాగితము చూపినగాని వాడు రంపమును దించడు. ఒక వానకాలమున వాని సహాయకుడు నూనె కలపని పెట్రోలును పొరపాటున టాంకులో పోసెను. అరగంటలో యంత్రము కీచుమని నిలిచిపోయెను. పిస్టన్ గీతలుపడి సిలిండరుకు అతుక్కొనెను.

పట్టణమున ఒక మెకానిక్కు దానిని విప్పి, క్రొత్త పిస్టన్, క్రొత్త రింగు, క్రొత్త సిలిండరు తెప్పించెను. సిలిండరు అడుగున, పెట్టెకును దానికిని నడుమ, ఒక ప్యాకింగు ఉండవలెను. పాతది చిరిగిపోయెను. క్రొత్తది వచ్చుటకు నాలుగు దినములు పట్టునని అతడు చెప్పెను. అప్పుడు గాలివానకు పలుచోట్ల చెట్లు పడియుండి పని విస్తారముగా నుండెను. నేను దుకాణములో కూర్చుండి, "కాగితమంత ప్యాకింగునకు నాలుగు దినములేల? పేస్టు దట్టముగా పూసి బిగింపుము" అంటిని. అతడు తల గోకుకొని, "కాకా, ప్యాకింగు లేకుంటే మంచిగుండదు" అనెను. "నలువది యేండ్లు బావిమీద ఇంజను నడిపినవాడను, నాకు తెలియదా?" యని నేను గద్దించితిని. అతడు వయసులో చిన్నవాడు. నా మాట త్రోసివేయలేక అట్లే బిగించెను. అందుచేత ఈ తప్పు అతనిది కాదు, నాది.

ఇంటికి తెచ్చి తాడు లాగినచో యంత్రము పలుకలేదు. తాడు మాత్రము మునుపెన్నడును లేనంత బరువుగా నుండెను. నా మేనల్లుడు ముప్పది సారులు లాగెను. "మామా, తాడు చెయ్యి గుంజుతాంది" అనెను. "వయసులో ఉన్నవాడవు, గట్టిగా లాగుము" అంటిని. చుట్టు చేరినవారిలో ఒకరు, ప్లగ్గు విప్పి ఆ తొఱ్ఱలో చెంచాడు పెట్రోలు పోయుమనిరి. పోసి, ప్లగ్గు బిగించి లాగిరి. ఒక్కసారి ఢబ్బుమని మ్రోగి, తాడు వెనుకకు గుంజుకొనెను. పిడి వాని వ్రేళ్ళను లాగి మణికట్టును త్రిప్పివేసెను. యంత్రము మరల మూగవోయెను. ఆ రాత్రి వాని చేయి వాచినది. అన్నము ఎడమచేతితో తినుచున్న వానిని చూచి మా చెల్లెలు నాతో ఒక్క మాటయు ననలేదు. ఆమె ఏమైనను అనియున్న నాకింత బాధ కలుగకపోయెడిది.

మరునాడు ఆ మెకానిక్కును ఇంటికి పిలిపించితిని. అతడు రెంచీలతో వచ్చి మా యరుగుమీద కూర్చుండెను. ఆనాడు నేను ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకొన్న క్రమమునే మీకిప్పుడు చెప్పుచున్నాను.

యంత్రము లేవకున్నచో, తాడు లాగుట మొదట ఆపవలెను. అటుపిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నిప్పురవ్వ కలదా? పెట్రోలు లోనికి వచ్చుచున్నదా? లోపలి గాలి సరిగా నొక్కబడుచున్నదా? ఈ మూడును కలిసినగాని యింజను నడువదు. వీనిలో ఏది తప్పినదో తెలియక మూడింటిని ఒకేసారి కెలుకువాడు, ఒక తప్పును దిద్దబోయి రెండవదానిని తెచ్చుకొనును.

ఆరంభము ప్లగ్గుతో. పదిసారులు లాగిన పిమ్మట ప్లగ్గు విప్పి మూతి చూడుడు. అది తడిసి పెట్రోలు కారుచున్నచో, పెట్రోలు ఎక్కువై మునిగినదని అర్థము. అప్పుడు స్విచ్చి ఆపివేసి, చోక్ తెఱచి, ప్లగ్గు లేకయే తొఱ్ఱను మనుష్యులకు ఎదురుగా లేకుండ త్రిప్పి, నాలుగైదు సారులు లాగినచో ఎక్కువైన పెట్రోలు బయటికి చిమ్మును. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి మరల బిగింపవలెను. మూతి పొడిగా నున్నచో, పెట్రోలు లోనికి రానే లేదు. మా యంత్రపు ప్లగ్గు ఎండిన పుల్లవలె పొడిగా నుండెను. అందుచేతనే పోసిన చెంచాడు పెట్రోలునకు ఒక్కసారి మ్రోగి, అది కాలిపోగానే ఆగినది.

నిప్పురవ్వ చూచుటకు ప్లగ్గును టోపీలో పెట్టి, దాని లోహపు భాగమును సిలిండరు రెక్కలకు తాకించి తాడు లాగవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక. ప్లగ్గు తొఱ్ఱ దగ్గఱ ఈ పరీక్ష చేయరాదు. లోపలినుండి వచ్చు పెట్రోలు ఆవిరి భగ్గున నంటుకొనగలదు. పెట్రోలు డబ్బాను దూరముగా నుంచి, ప్లగ్గును తొఱ్ఱకు వీలైనంత దూరమున తాకింపవలెను. మా ప్లగ్గు నీలపు రవ్వ చక్కగా వేసెను. వేయనిచో, అయస్కాంతపు చక్రమునకును కాయిలునకును నడుమ సందును చూడవలసి యుండెడిది. అది దాదాపు ఒక పెండ్లిపిలుపు అట్టముక్క మందము, అనగా 0.3 మిల్లీమీటరు ప్రాంతమున, ఉండవలెను. ఆ చక్రమును ఇరుసుమీద నిలిపెడి చిన్న కీ తెగి చక్రము జరిగియున్నను, రవ్వ వేళ తప్పి పడి తాడు చేతిని గుంజును. మెకానిక్కు దానిని విప్పి చూచెను. కీ సరిగానే యుండెను.

ఇక మిగిలినవి పెట్రోలు రాకపోవుటయు, తాడు బరువగుటయు. ఈ రెండును వేఱువేఱు రోగములని నేననుకొంటిని. అతడు మాటలాడక, టంకము వేయు సీసపు తీగ ముక్క నొకదానిని సంచిలోనుండి తీసెను. దాని మందము మిల్లీమీటరున్నర. కొనను కొంచెము వంచి, ప్లగ్గు తొఱ్ఱలోనుండి సిలిండరు గోడను తాకునట్లుగా దూర్చెను. పిస్టన్ పైకెక్కి దిగునట్లు చక్రమును చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పెను. తీగను బయటికి తీయగా, దాని కొన అటుకువలె నలిగియుండెను. ఆ నలిగిన కొన మందమును వెర్నియరుతో కొలిచెను. పిస్టన్ నెత్తికిని సిలిండరు పైకప్పునకును మిగిలిన సందు అంతే యన్నమాట. పిస్టన్‌ను కడ్డీతో కలుపు పిన్ను ఏ దిక్కున నున్నదో, ఆ దిక్కుననే ఇరుప్రక్కల తీగను పెట్టి కొలువవలెనని అతడు చెప్పెను. వేఱు దిక్కున పెట్టినచో పిస్టన్ ఒరిగి కొలత తప్పును.

మా కొలత రెండు ప్రక్కలను 0.3 మిల్లీమీటరు. ఇట్టి రంపములలో అర మిల్లీమీటరునకు తగ్గరాదని పనివారి నియమము. చిరిగిపోయిన ప్యాకింగు మందము ఎంత? సరిగా అర మిల్లీమీటరు. నేను కాగితమని కొట్టివేసిన దానితో కలిపి లెక్కించినచో సందు 0.8 ఉండవలసినది.

"ఇంత స్వల్పమునకే యింత బరువా?" యని మీకు తోచవచ్చును. నాకును తోచెను. ఆ లెక్క అతడు నేలమీద గీసి చూపెను. సిలిండరు వెడల్పు 45 మిల్లీమీటర్లైనచో, అర మిల్లీమీటరు తగ్గినందున పైని మిగులు చోటులో 0.8 ఘన సెంటిమీటరు తగ్గును. పిస్టన్ పైకి చేరినప్పుడు గాలికి మిగులునది అసలే ఒకటి రెండు చెంచాల చోటు. అందులో ఇంత తగ్గుట మాటలు కాదు. అదిగాక సిలిండరు క్రిందికి దిగుటచేత పొగ పోవు కిటికీ ముందుగా మూసికొని, లోపల ఎక్కువ గాలి చిక్కుకొనును. ఎక్కువ గాలిని తక్కువ చోటులో నొక్కుటచే తాడు బరువెక్కును. రవ్వ ఎప్పుడును పిస్టన్ పైకి చేరుటకు రవంత ముందే పడును. బరువుచే పిస్టన్ అచ్చట తడబడినపుడు రవ్వ పడి మండినచో, పిస్టన్ ముందుకు పోక వెనుకకు తిరుగును. నా మేనల్లుని మణికట్టును త్రిప్పినది ఆ వెనుక తిరుగుడే.

ఇంతకంటె పెద్ద యాపద తప్పినదని అతడనెను. ఈ యంత్రము కోతలో మిక్కిలి వేగముగా తిరుగును. అంత వేగమున కడ్డీ సాగును, బేరింగులలోని వదులు పైకి తేలును, పిస్టన్ వేడికి ఉబ్బును. చేతితో త్రిప్పినప్పుడు 0.3 ఉన్న సందు అప్పుడు మఱింత తగ్గును. పిస్టన్ కప్పునకు తగిలినచో క్రొత్త సామానంతయు ఒక్క గడియలో తుక్కగును. నడుచుచున్న గొలుసును చేతపట్టిన మనిషి సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇందులో మనకు క్రొత్త ఏమియు లేదు. బండి చక్రపు కుండకును ఇరుసునకును నడుమ సందెంత యుండవలెనో మన తాతలకు తెలియును. బిగువైనచో ఎద్దులు లాగలేవు, ఇరుసు కాలును. వదులైనచో చక్రము ఊగి కుండ పగులును. ఇచ్చటను అంతే. సందు పెరిగిన మంచిదని రెండు ప్యాకింగులు వేసినచో గాలి సరిగా నొక్కబడక బలము తగ్గును, యంత్రము మొండికెత్తును. తెలిసిన విద్యనే చిన్న యంత్రముకడ నేను మఱచితిని.

తరువాత అతడు సిలిండరును మరల విప్పెను. అప్పుడు రెండవ రోగపు మూలము కంటబడెను. మా యంత్రమున కార్బొరేటరునకు ఊపు తెచ్చు రంధ్రము సిలిండరు అడుగు అతుకుగుండనే పోవును. నేను దట్టముగా పూయుమన్న పేస్టు, బోల్టులు బిగించినపుడు ప్రక్కలకు ఉబికి, ఆ రంధ్రములో దూరి గట్టిపడియుండెను. గుండె కొట్టుకొనుట ఆగిన కార్బొరేటరు పెట్రోలును తోడలేదు. తాడు బరువగుటకును, పెట్రోలు రాకపోవుటకును కారణమొక్కటే. అది నా నోట వచ్చిన మాట.

అతడు పేస్టును గోకి, రంధ్రమును సన్నని తీగతో శుభ్రపఱచి గాలి ఊదెను. అర మిల్లీమీటరు ప్యాకింగు అట్ట తెచ్చి, సిలిండరు అడుగుమీద పఱచి, చిన్న సుత్తితో అంచుల వెంబడి తట్టుచు అచ్చు కత్తిరించెను. బోల్టుల తొఱ్ఱలతోపాటు ఆ ఊపు రంధ్రమునకు గూడ తొఱ్ఱ పెట్టుట మఱవలేదు. పిస్టన్ నెత్తిమీది బాణపు గుర్తు పొగగొట్టము వైపునకు ఉన్నదని మరల చూచెను. బిగించిన పిదప లోనికి స్వల్పముగా గాలి ఎక్కించి, అతుకులకు సబ్బునీళ్లు పూసి, సైకిలు ట్యూబు పంచరును చూచునట్లు బుడగలు వచ్చునేమో చూచెను. రాలేదు. తీగతో మరల కొలువగా సందు 0.75 వచ్చెను. అట్ట బిగువునకు కొంత నలుగుట సహజము.

ఇక నూనె. మంచి రెండు దెబ్బల యింజను నూనె యైనచో 50 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు, అనగా లీటరునకు 20 మిల్లీలీటర్లు, అయిదు లీటర్లకు 100 మిల్లీలీటర్లు. యంత్రముతో వచ్చిన పుస్తకమున వేఱు లెక్క యున్నచో అదే ప్రమాణము. పాత యలవాటుచొప్పున చేతి కొలది పోయరాదు. తక్కువైన పిస్టన్ పట్టును, ఎక్కువైన ప్లగ్గు మసిబాఱును. మన దేశమున ఇప్పుడు పెట్రోలులో చెఱకునుండియు, ధాన్యమునుండియు తీసిన ఇథనాలు కలుపుచున్నారు. అది తేమను పీల్చును, పాత రబ్బరు పొరలను చెఱచును. కావున నెలల తరబడి డబ్బాలో నిలిచిన మిశ్రమమును వాడకుడు. పని లేని కాలమున టాంకు ఖాళీచేసి, యంత్రము తనంత ఆగువఱకు నడిపి యుంచుడు.

ఆ దినము తాడు ఎవరు లాగవలెనని ప్రశ్న వచ్చెను. నేనే లాగెదనంటిని. మెకానిక్కు నాకు పద్ధతి చూపెను. యంత్రమును చదును నేలమీద పెట్టి, గొలుసు బ్రేకు వేసి, ముందు పిడిని ఎడమచేత నొక్కి, వెనుక పిడిలో కుడికాలి మునివ్రేళ్ళు ఉంచవలెను. తాడును చేతికి చుట్టరాదు. మొదట మెల్లగా లాగి, బరువు తగిలినచోటనుండి చుఱుకుగా లాగవలెను. చోక్ వేసి లాగుచుండగా మొదటిసారి పలికినచో, వెంటనే చోక్ తెఱవవలెను. లేనిచో పెట్రోలులో మునుగును. మూడవ లాగునకు పలికెను. చోక్ తెఱచితిని. మఱి రెండు లాగులకు నడిచెను. తాడు మునుపటివలె తేలికగా నుండెను. క్రొత్త రింగు కుదురుకొనువఱకు బరువు లేకుండ పూర్తి వేగమున నడుపవద్దని చెప్పి అతడు లేచెను.

నాలుగు దినములు ఆగలేక నేను తొందరపెట్టితిని. మేనల్లుడు పదునైదు దినములు రంపము పట్టలేకపోయెను. ఆ వానకాలపు పనిలో మంచి భాగము ఇతరుల పాలయ్యెను. ఎముక విఱుగలేదు గనుక బ్రతికితిమి. మెకానిక్కునకు రెండవసారి శ్రమకు డబ్బు ఇయ్యబోగా అతడు వద్దనెను. నేను బలవంతముగా నిచ్చితిని. "నీవు చెప్పిన మాట నేను వినవలసినది" అని అందఱి యెదుట నంటిని. ఆ మాట యనుటకు నాకు కొంత కష్టమయ్యెనని దాచను.

కావున నా మనవి యిది. మీ యింట ఏ యంత్రమైనను విప్పి కూర్చిన పిమ్మట లేవకున్నచో, కూర్చుటలోనే మన చేతులు ఏమి మార్చినవో మొదట అడుగుడు. కుఱ్ఱవాడు "చేయి గుంజుచున్నది" అన్నచో వానిని ఆపుడు. పనివాడు "ఇది లేకున్న బాగుండదు" అన్నచో, వాడు ఎంత చిన్నవాడైనను, ఆ వస్తువు వచ్చువఱకు ఆగుడు. ఆగుటకు అనుమతి ఇయ్యవలసినవారము మనమే.

నా మేనల్లుడు ఇప్పుడు మరల పనికి పోవుచున్నాడు. వాని సంచిలో ప్యాకింగు అట్ట యొకటి, సీసపు తీగ ముక్క యొకటి యెప్పుడును ఉండును. ఆ రెండును నేను కొనిచ్చినవే.